అత్తగారూ నేనూ డేగ పుంజూ

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. కోపం ఉండి కాదు. ఆవిడ లెక్కలో అల్లుడంటే పెళ్ళయి ఎన్నేళ్ళయినా మర్యాద తగ్గకూడని మనిషి. అలాంటివాడి ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూస్తూ మాట్లాడటం పద్ధతి కాదు. నాతో ఏదైనా చెప్పాలంటే కూతురికి చెబుతారు. కూతురు ఇంట్లో లేకపోతే స్టవ్వుకు చెబుతారు. "అన్నం వేడి మీద తింటేనే బావుంటుంది, చల్లారాక ఏం రుచి" అని స్టవ్వుతో అన్నారంటే నేను లాప్‌టాప్ మూసి లేవాలన్నమాట. పెరట్లోకి కోళ్ళు వచ్చాక స్టవ్వుకు కాస్త విశ్రాంతి దొరికింది.

నేనేమీ తక్కువ తినలేదు. మాది వరంగల్ వైపు. మా అమ్మ తన అల్లుడిని "ఏమయ్యా, జర గిటు రా" అని పిలుస్తుంది, ఆయన "ఏందత్తమ్మా" అంటూ వస్తాడు, పని అయిపోతుంది. అత్తగారిది గోదావరి జిల్లా. "అమ్మ దగ్గర చివర అండీ పెట్టు, కాదు అని మాత్రం అనకు, ఇంక దేనికైనా సర్దుకుంటుంది" అని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. అలా అత్తగారితో మాట్లాడటానికి ఒక అరువు తెలుగు నేర్చుకున్నాను. అందులో కాదు అనే మాట లేదు. ఆ మాట లేకుండా సంసారం చేయవచ్చు కానీ కోళ్ళను పెంచలేమని పోయిన చలికాలం దాకా నాకు తెలియలేదు.

మేముండేది న్యూయార్క్‌లో. ఈ మాట అనగానే ఎడిసన్‌లో ఉన్న నా పాత రూమ్మేట్లు నవ్వుతారు. వాళ్ళ న్యూయార్క్ ట్రైన్‌లో గంట దూరం. మాది కార్‌లో రోజంతా ఉత్తరానికి పోతే వచ్చే న్యూయార్క్, పెద్ద సరస్సు పక్కన, కెనడా గాలి నేరుగా తగిలే చోట. మా ఆవిడ కిడ్నీ డాక్టర్. డాక్టర్లు ఎవరూ రానని మొరాయించే ఊళ్ళో కొన్నేళ్ళు పనిచేస్తేనే వీసా కుదురుతుందంటే ఇక్కడికి వచ్చాం. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. పేషెంట్లు ఆవిడను వదల్లేదు. నా ఉద్యోగం ఇంట్లోంచే కాబట్టి నన్ను అడిగినవాళ్ళు లేరు. మామగారు పోయాక అత్తగారిని కూడా ఇక్కడికే తెచ్చుకున్నాం. ఆవిడకు డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషు రాదు. ఊళ్ళో మరో తెలుగు కుటుంబం లేదు, గుడి లేదు, ఏడాదిలో సగం రోజులు గడప దాటి అడుగు పెట్టే నేల కూడా కనిపించదు. మొదటి చలికాలం ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మంచును చూస్తూనే గడిపారు. మధ్యాహ్నం నా మీటింగుల మధ్య వంటింట్లోకి వెళితే ఆ కుర్చీలో అలాగే ఉండేవారు. ఆ మౌనం నాకు భయంగా ఉండేది.

కోళ్ళు వచ్చింది ఆ తర్వాత. పక్క పొలంలో ఒక అమెరికన్ ముసలాయన ఉండేవాడు. జీవితమంతా ఒకే రకం ఎర్రకోళ్ళు పెంచాడు, రోడ్ ఐలాండ్ రెడ్ అంటారే, అవి. అయితే ఇప్పుడు దుకాణాల్లో ఆ పేరుతో అమ్మే సన్నటి గోధుమరంగు కోళ్ళు కావు. ఇవి పాతకాలపువి. పొడవాటి వీపు, బరువైన ఒళ్ళు, నలుపులోకి దిగిపోయే ముదురెరుపు. ఏటా చలికాలం గడిచాక గట్టిగా నిలబడ్డవాటినే పొదిగించుకుంటూ, బయటి పుంజును కలపకుండా, ఒకే వంశాన్ని నిలబెట్టుకుంటూ వచ్చాడు. ఎవరెవరికో గుడ్లు ఇచ్చాడట కానీ వాళ్ళందరూ వేరే కోళ్ళతో కలిపేశారు. మోకాళ్ళు సహకరించక, ఎక్కడో దక్షిణాన ఎడారిలో, చాండ్లర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయే ముందు మిగిలిన కోళ్ళను బోనుల్లో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఇంటి నుంచి పనిచేసేవాడిని, పగలంతా ఇంట్లో ఉండేవాడిని, చుట్టుపక్కల నేనొక్కడినే. నాకు కోళ్ళ గురించి తెలిసిందల్లా కూర గురించే. కాదనలేకపోయాను. ఆ జబ్బు అప్పటికే ముదిరి ఉంది.

అత్తగారు వెనక తలుపు దగ్గర నిలబడి బోనుల్లోకి తొంగి చూశారు. పుంజును చూసి, "అబ్బో, డేగ" అన్నారు. వాళ్ళ వైపు ఎర్ర పుంజును అలా అంటారట. ఈ దేశంలో అడుగుపెట్టాక ఆవిడ గొంతులో అంత ప్రాణం వినడం నాకు అదే మొదలు.

ఆ వేసవి నుంచి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ. తెల్లారితే కోళ్ళ దగ్గరే. ఆవిడ పుట్టింట్లో కోళ్ళు ఉండేవట. పొదుగుకొచ్చిన పెట్టను గుర్తుపట్టి, బుట్టలో రంపపు పొట్టు పరిచి, గుడ్లు పేర్చి, దిష్టి తగలకుండా ఒక ఇనుప మేకు, రెండు ఎండుమిరపకాయలు పెట్టి, పైన పెట్టను కూర్చోబెట్టారు. పిల్లలు లేచిన రోజు మా ఆవిడకు హాస్పిటల్‌కి ఫోన్ చేసి, పేషెంటు పక్కన ఉందన్నా వినకుండా, ఏ పిల్ల ఏ రంగో చెప్పారు. ఆ పిల్లల్లో మూడు పుంజులయ్యాయి. రెండింటిని ఆకులు రాలే రోజుల్లో నక్క ఎత్తుకుపోయింది. ముసలాయన తెచ్చిన పుంజు వయసు మీరి చచ్చిపోయింది. మిగిలింది ఒక్క డేగ. పెట్టలు ఉన్నాయి కానీ వాటికీ వయసు మీద పడుతోంది. వసంతంలో ఈ పుంజుతో పిల్లలు లేస్తే ఆ వంశం ఉంటుంది, లేకపోతే లేదు. చాండ్లర్ నుంచి ముసలాయన ఫోన్ చేసి ముందు అడిగేది కూడా దాని గురించే. అత్తగారికి ఆ వంశం గొడవ తెలియదు. ఆవిడకు అది తాను పొదిగించిన పుంజు, అంతే.

ఎడిసన్ మిత్రులకు వేరే బెంగ. "రేయ్, నాటుకోడి పులుసు ఎప్పుడు పెడతన్నవ్? వీకెండ్ డ్రైవ్ చేస్కుంట వచ్చేస్తం" అని స్పీకర్‌ఫోన్‌లో అరిచేవాళ్ళు. అత్తగారు వినబడనట్టు కూరగాయలు తరిగేవారు. తర్వాత కోళ్ళ దగ్గరికి వెళ్ళి, "మిమ్మల్ని ఎవరూ తినర్లే" అని చెప్పి వచ్చేవారు.

ముసలాయన వెళ్ళేముందు గూటిని కూడా ట్రక్కు మీద తెచ్చి మా పెరట్లో దింపించాడు. చెక్క గూడు. కోళ్ళు కూర్చునే అడ్డకర్రకు బాగా పైన, కప్పు కింద, రెండు వైపులా అరచేయి వెడల్పున పొడవాటి సందులు. వాటిని తట్టి చూపించి, ఎంత చలిగా ఉన్నా వీటిని మూయొద్దన్నాడు. కోడి చలికి చావదు, తడికి చస్తుంది అన్నాడు. కోళ్ళు ఊపిరి వదులుతాయి, రెట్ట వేస్తాయి. ఆ ఆవిరి పైకి పోవాలి. పోకపోతే లోపలే తిరిగి, గడ్డకట్టి, వాటి నెత్తి మీది ఎర్రజుట్టు మీదా కాళ్ళ మీదా కూర్చుంటుంది. ఈకల కింద కోడికి బోలెడు వేడి ఉంటుంది, జుట్టుకూ కాళ్ళకూ ఈకలు లేవు. హీటర్ పెట్టొద్దు, పొట్టు మందంగా పరుచు, నీళ్ళు మారుస్తూ ఉండు, సందులు తెరిచి ఉంచు. ఇదీ ఆయన శాస్త్రం. నాకు అర్థమైంది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు అత్తగారు లోపల కాఫీ కలుపుతున్నారు.

అత్తగారికి చలిగాలి అంటే యముడి తమ్ముడు. మనిషికి వచ్చే రోగాలన్నీ చెవుల్లోంచి దూరతాయని ఆవిడ నమ్మకం. సెప్టెంబర్ నుంచే మంకీ క్యాప్, దాని మీద మఫ్లర్. నేను టోపీ లేకుండా మెయిల్ తేవడానికి వెళితే వెనక నుంచి స్టవ్వుకు ఫిర్యాదు చేసేవారు. మొదటి మంచు పడిన సాయంత్రం గూటి ముందు నిలబడి పైకి చూసి, "ఇది కట్టిన మహానుభావుడు పైన మూయడం మర్చిపోయాడే, మీరెలా పడుకుంటారే" అని పెట్టలను అడిగారు. పొద్దున నేను వెళ్ళేసరికి ఒక సందులో పాత తువ్వాలు కుక్కి ఉంది.

తువ్వాలు తీసి, మడిచి, మెట్ల పక్క కమ్మీ మీద పెట్టాను. సాయంత్రానికి మళ్ళీ సందులో ఉంది. మర్నాడు మళ్ళీ తీశాను. అలా నవంబర్ అంతా గడిచింది. ఒక్క మాట అనుకోలేదు. పగలు నా రాజ్యం, రాత్రి ఆవిడ రాజ్యం. చలి ఇంకా ముదరలేదు కాబట్టి కోళ్ళకు ఏమీ కాలేదు.

చివరికి మా ఆవిడతో చెప్పాను, మీ అమ్మకు నువ్వే ఎలాగో చెప్పు అని. తను అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. షూ విప్పుతూ, "అమ్మా, ఆ కోళ్ళ సంగతి ఆయన్ని చూసుకోనీ, నువ్వు పట్టించుకోకు" అంది. అంతే చెప్పింది. తువ్వాలు సంగతి, సందుల సంగతి, తడి సంగతి ఏదీ లేదు. అత్తగారు "సరేనమ్మా" అన్నారు. మర్నాటి నుంచి పెరట్లోకి వెళ్ళలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. అన్నం పెట్టారు, గిన్నెలు సర్దారు, స్టవ్వుతో కూడా ఏమీ అనలేదు. కొన్నాళ్ళు చూశాను. ఇంక చూడలేక ఒక పొద్దున మీటింగ్ ఉందని అబద్ధమాడి, "అత్తయ్యగారూ, ఇవాళ మీరు కాస్త నీళ్ళు పెట్టగలరాండీ" అని అడిగాను. ఆవిడ అప్పటికే మఫ్లర్ వెతుక్కుంటున్నారు. ఆ తర్వాత ఆ విషయం మళ్ళీ ఎత్తకూడదని నిర్ణయించుకున్నాను. ఆవిడకు ఈ దేశంలో ఉన్నది అదొక్కటే. దాన్ని లాక్కునే చేయి నాది కాకూడదనుకున్నాను.

జనవరిలో అసలు చలి వచ్చింది. సరస్సు మీద నుంచి మంచు అడ్డంగా కొట్టింది. రోడ్లు మూసేశారు. డాక్టర్లను హాస్పిటల్‌లోనే ఉండమన్నారు, మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. సున్నాకు ఎంతో కింద అని ఫోన్ చూపిస్తున్న అంకె చూసి నేను బయటికి పరిగెత్తాను, అందుకు ఫలితంగా వెనక మెట్ల మీద జారి నడుము మీద పడ్డాను. ఎలా లోపలికి వచ్చానో గుర్తులేదు. సోఫా మీద వెల్లకిలా పడుకున్నాక మళ్ళీ లేవలేకపోయాను. పక్కకు తిరిగితే ప్రాణం పోయినంత పని. ఒక మంచి మాత్రం జరిగింది, గాజు తలుపులోంచి గూడు కనిపిస్తోంది. అదే చెడు కూడా.

ఇల్లూ కోళ్ళూ ఆవిడ చేతికి వచ్చాయి. ఆవిడ ఏమీ కంగారు పడలేదు. నా నడుము కింద వేడినీళ్ళ సంచి పెట్టి, మిరియాల చారు తాగించి, మంకీ క్యాప్, మఫ్లర్, కూతురి పెద్ద బూట్లు వేసుకుని బయలుదేరారు. నీళ్ళు పట్టుకెళ్ళారు, గింజలు పట్టుకెళ్ళారు. మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడ రెండు చేతుల నిండా బట్టలున్నాయి. పరీక్షగా చూశాను. ఆవిడ నేత చీరలు. ఉతికి ఉతికి మెత్తబడినవి, మామగారు ఉన్న రోజుల్లో కట్టినవి, ఇక్కడ కట్టుకునే వీలు లేక పెట్టెలో దాచుకున్నవి. గూటి పక్కన స్టూలు వేసుకుని ఎక్కి, ఒక్కొక్కటీ మడతపెట్టి సందుల్లో కుక్కడం మొదలుపెట్టారు. గాలికి ఒక కొంగు జారి ఎగురుతుంటే పట్టుకుని లోపలికి తోశారు.

మా ఆవిడకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. "డయాలిసిస్‌లో ఉన్నా, ఎమర్జెన్సీ ఆ?" అని వచ్చింది. కరెంటు పోతే బతకని మనుషుల మధ్య నిలబడిన మనిషికి, మీ అమ్మ కోళ్ళగూటికి చీరలు చుడుతోంది అని ఎలా చెప్పను? కాదు అని టైప్ చేశాను. ఎన్నడూ అనలేని ఆ మాట అప్పుడు మాత్రం ఎంత సులువుగా వచ్చిందో.

ఆవిడ లోపలికి వచ్చేలోగా ఏం అనాలో పడుకునే కూర్చుకున్నాను. తీసేయండి అనకూడదు. తప్పు అనకూడదు. మళ్ళీ ఆ కుర్చీ గుర్తొచ్చింది. మా అమ్మ దగ్గరైతే "అత్తమ్మా, గవి తీసెయ్, కోడి సస్తది" అనే మాట నోట్లో సిద్ధంగా ఉంది. ఆవిడ మంచు దులుపుకుంటూ రాగానే నా నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది: "అత్తయ్యగారూ, ఆ చీరలు అక్కడెందుకండీ. పాడైపోతాయి."

ఆవిడ ముఖం విచ్చుకుంది. స్టవ్వు వైపు తిరిగి, "పాత చీరలే. అయినా నా చీరల గురించి ఆలోచించేవాళ్ళు ఎవరున్నారు ఇప్పుడు" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ బూట్లు వేసుకుని వెళ్ళి, చీరలన్నీ ఒక్కొక్కటీ లాగి భుజాన వేసుకున్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ గరాజ్‌లోకి వెళ్ళారు. టీవీ కొన్నప్పుడు దాచిన థర్మోకోల్ దిమ్మలు, పెయింటింగ్‌కి తెచ్చిన ప్లాస్టిక్ షీటు, పార్సిళ్ళకు వేసే వెడల్పాటి టేపు తెచ్చారు. సందుల కొలతకు దిమ్మలు విరిచి కొట్టారు. పైన షీటు పరిచారు. టేపు వేశారు. చీరల్లోంచి ఎంతో కొంత గాలి ఆడేది. ఇప్పుడు చీమ కూడా దూరదు.

లోపలికి వచ్చినప్పుడు ఆవిడ వేళ్ళు వణుకుతున్నాయి, పెదవులు తెల్లగా ఉన్నాయి. చీరలు కుర్చీ వీపు మీద ఆరేసి, నాకు వినబడేలా, "ఇంక ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు" అన్నారు. నేను "అది..." అన్నాను. ఆవిడ వేడి గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తృప్తిగా కూర్చున్నారు. నడుము కదలడం లేదు. నోరు కదిలేదే, కదపలేదు. మింగలేక కక్కలేక అంటారు చూడండి, అది నాకు అనుభవంలోకి వచ్చింది.

గాలి తగ్గి, నేను చీపురు ఊతంగా పట్టుకుని నిలబడగలిగేసరికి ఇంకో రెండు రాత్రులు గడిచాయి. అందాకా అత్తగారు చలి దూరకుండా తలుపు ఓరగా తీసి, నీళ్ళూ గింజలూ లోపలికి తోసి, వెంటనే మూసేసేవారు. పొద్దున అత్తగారు ముందు, నేను వెనక. గూటి తలుపు తీయగానే ఘాటు వాసన కళ్ళను మండించింది. లోపలి గోడలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. అడ్డకర్ర మీద తడి గడ్డకట్టి ఉంది. పెట్టలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, వాటి పొట్టి జుట్టు కొసలు పాలిపోయాయి, అంతే. డేగ మాత్రం అడ్డకర్ర దిగి, నేల మీద పొట్టులో కూర్చుని ఉంది. ఎర్రగా, నిటారుగా ఉండే దాని జుట్టు కొవ్వొత్తి రంగులోకి వచ్చి ఒక పక్కకు వాలింది. కాళ్ళు వాచిపోయాయి. మమ్మల్ని చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఏమైందిరా నీకు" అని అత్తగారు దాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు. "ఇంత మూసినా లోపలికి వచ్చేసింది, ఈ చలి పాడుగాను."

"అవునండీ, చలి" అన్నాను నేను.

దాన్ని బట్టలుతికే గదిలో అట్టపెట్టెలో పెట్టాం. అత్తగారు ఆముదం వేడి చేసి కాళ్ళకు మర్దన చేస్తానంటే, రుద్దితే చర్మం ఊడిపోతుందని ఫోన్‌లో చదివి ఆపాను. ఈ మాట మాత్రం ధైర్యంగా చెప్పగలిగాను, ఎందుకంటే చెప్పింది ఫోన్, నేను కాదు. ఊళ్ళో పశువుల డాక్టరు కుక్కలనూ పిల్లులనూ తప్ప చూడడు. డైరీ ఫారాలకు వెళ్ళే ఇంకొకామెకు ఫోన్ చేస్తే, బర్డ్ ఫ్లూ తిరుగుతోంది కాబట్టి ఇంట్లో పెంచే కోళ్ళ దగ్గరికి రానని, వచ్చినా చేసేదేమీ లేదని చెప్పింది. మా ఆవిడ ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఆ పెట్టె ముందు గొంతుకూర్చుంది. "మనుషుల వేళ్ళకైనా మేమిదే చెప్తాం. వెయిట్ చేయాలి. ఎంతవరకు పోతుందో అదే తేలుతుంది" అంది.

వెయిట్ చేశాం. అంతకన్నా చేయగలిగింది లేదు. జుట్టు కొసలు నల్లబడి, ఎండి, ఊడిపోయాయి. గొంతు కింద వేలాడే తోలు ముడుచుకుపోయింది. తర్వాత వేళ్ళు. మొదట చివరి కణుపులు ఎండిన కొమ్మల్లా అయ్యాయి. ఒకరోజు అత్తగారు పెట్టె శుభ్రం చేస్తూ ఆగి, కింద నుంచి ఏదో తీసి కాగితంలో చుట్టారు. నేను అడగలేదు. ఆవిడ ఆ గదిలో ఉన్న సమయం చూసి గూటి దగ్గరికి వెళ్ళి థర్మోకోల్ అంతా పీకేశాను. ఆవిడ చూసే ఉంటారు. ఏమీ అనలేదు, మళ్ళీ మూయలేదు కూడా. లోపల ఇంక కాపాడుకోవలసిన పుంజు లేదు కదా, అందుకనుకున్నాను.

అయినా అది బతికింది. మార్చిలో ఒక పొద్దున బట్టలుతికే గదిలోంచి కూసింది. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదన్న సామెతలోని అవ్వకు కూడా అంత గర్వం ఉండి ఉండదు, అత్తగారు పూజ మధ్యలో లేచి వచ్చారు. మంచు కరిగాక దాన్ని పెట్టల మధ్య వదిలాం. కుంటుతూనే రెక్క దించి నాట్యం చేసింది. ఏప్రిల్‌లో ఒక పెట్ట పొదుగుకు వచ్చింది. అత్తగారు మళ్ళీ బుట్ట, మళ్ళీ మేకు, మళ్ళీ మిరపకాయలు. ఓ వారం గడిచాక చీకటి చేసుకుని గుడ్లను ఫోన్ లైటుకు పెట్టి చూశాం. పిల్ల కడుతుంటే లోపల ఎర్రటి దారాలు కనపడాలి. ఏమీ లేదు. ఒక్కొక్కటీ గాజుబుడ్డిలా ఖాళీగా వెలిగింది. "ఇంకా బలం రాలేదు పాపం" అని అత్తగారు పెట్టతో అన్నారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఖాళీ.

కారణం ఇద్దరం ఒకేసారి చూశాం. ఒక పొద్దున గింజలు చల్లుతుంటే డేగ ఒక పెట్ట మీదికి ఎక్కబోయింది. పట్టుకోవడానికి వేళ్ళు లేవు. జారి పక్కకు పడింది. లేచి, ఈకలు దులుపుకుని, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. పెట్ట కూడా కదలకుండా కూర్చుని ఉంది పాపం. అల్లుడి పక్కన నిలబడి చూడదగ్గ దృశ్యం కాదు కాబట్టి అత్తగారు కంచె వైపు తిరిగి, లేని కలుపు మొక్క పీకడం మొదలుపెట్టారు. నేను ఆకాశం చూశాను. వెనక అది పడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

దానికీ ఒక దారి ఉందని చదివాను. పుంజు నుంచి బీజం తీసి పెట్టకు చేత్తో ఎక్కించవచ్చు, పెద్ద ఫారాల్లో చేస్తారు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పుంజును ఒళ్ళో పట్టుకోవాలి, ఇంకొకరు వీపు నిమిరి, తోక కింద... ఈ వాక్యం నేను అత్తగారితో ఎలా మొదలుపెట్టాలో ఏ తెలుగులోనూ దొరకలేదు. దాన్ని పట్టుకోనిచ్చేది ఆవిడ ఒక్కరినే. మా ఆవిడతో చెబితే కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వి, తర్వాత జాలిపడి, ఒక ఆదివారం గ్లవ్స్ వేసుకుని వచ్చింది. పుంజు మా ఆవిడ చేయి గీరి పారేసింది. మళ్ళీ ఆదివారం తనకు హాస్పిటల్‌లో కాల్ డ్యూటీ ఉంది. ఆ తర్వాతి ఆదివారమూ ఉంది. పెట్టల గుడ్లు తగ్గుతూ వచ్చాయి.

మే నెలలో ముసలాయన వీడియో కాల్ చేశాడు. చాండ్లర్ ఎండలో, పెద్ద టోపీ పెట్టుకుని, ఎవరో పెంచే కాక్టస్‌ల పక్కన కూర్చుని ఉన్నాడు. నేను ఫోన్ పట్టుకుని పెరట్లో నిలబడ్డాను. మా ఆవిడ అలవాటు ప్రకారం ఆయన మాటలన్నీ వాళ్ళమ్మకు తెలుగులో చెబుతోంది. పుంజును చూపించాను. కాళ్ళు చూపించమన్నాడు. చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒకటే అడిగాడు.

"పైన సందులు తెరిచే ఉంచారా అని అడుగుతున్నాడు. అవి మూస్తే తడి పట్టి కాళ్ళు పోతాయట" అని మా ఆవిడ తెలుగులో చెప్పింది, అత్తగారి వైపు తిరిగి, మామూలుగా.

"తెరిచే ఉన్నాయి. చలి మరీ ఎక్కువైంది" అన్నాను నేను ఇంగ్లీషులో.

"తెరిచే ఉన్నాయని చెప్తున్నారు" అంది మా ఆవిడ తెలుగులో.

ముసలాయన తల ఊపాడు. ఒక్కోసారి అలా జరుగుతుంది, ఎవరూ ఏమీ చేయలేరు అన్నాడు. నాకు థాంక్స్ చెప్పాడు. అత్తగారి చేతిలో గింజల గిన్నె ఉంది. ఆవిడ అందులోంచి గింజలు తీసి చల్లుతూనే ఉన్నారు, గిన్నె ఖాళీ అయ్యాక కూడా చేయి లోపలికి పెడుతూనే ఉన్నారు.

మర్నాడు మా ఆవిడ డ్యూటీకి వెళ్ళాక గూడు కడగడానికి వెళ్ళాను. అత్తగారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. కోళ్ళతో ఏమీ అనలేదు.

"బాబూ" అన్నారు.

చీపురు ఆపాను. ఆవిడ నా ముఖంలోకి చూస్తున్నారు.

"ఆ సందులు మూయకూడదని మీకు ముందే తెలుసా?"

తెలుసు అంటే ఆవిడ చేత్తోనే అది జరిగిందని చెప్పినట్టు. నేను చూస్తూ పడుకున్నానని కూడా చెప్పినట్టు. నా అరువు తెలుగంతా వెతుక్కున్నాను.

"తెలియదండీ" అన్నాను.

ఆవిడ ఇంకొంచెంసేపు అలాగే చూశారు. నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"అంతేలెండి. తెలిస్తే చెప్పేవారే" అన్నారు. "నేనేమన్నా పరాయిదాన్నా."